డిపో మేలుకునేది రాత్రిపూటే: ఒక బస్సు డిపో పర్యావరణ ప్రభావ అంచనా

కొత్త డిపో రాబోయే స్థలం చూడ్డానికి మేం మొదటిసారి వెళ్లింది పొద్దున పదకొండింటికి. పర్యావరణ ప్రభావం అంచనా వేసే మా వృత్తిలో సర్వేలన్నీ దాదాపు అలాగే జరుగుతాయి. టిఫిన్లు కానిచ్చి, కారు మాట్లాడుకుని, ఎండ ముదరకముందే ఫొటోలు తీసుకుని భోజనాల వేళకు ఊళ్లో పడటం. వరి చేను, గట్టు మీద తాటిచెట్లు, పక్కన పిల్లకాలువ, కాస్త దూరంలో ఒక చిన్న కాలనీ. అంతా ప్రశాంతంగా కనిపించింది. 'చుట్టుపక్కల చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు' అని రాసేసుకుని, తిరిగొస్తూ అదే ఊళ్లోని పాత డిపోకి వెళ్లాం. అక్కడి డిపో మేనేజరు టీ తెప్పించి, నవ్వుతూ ఒకే మాట అన్నారు.

"పగలొచ్చి ఏం చూస్తారు సార్? పగలు డిపో ఖాళీ. రాత్రి పదింటికి రండి."

వెళ్లాం. ఆ రాత్రి చూసింది మా రిపోర్టు మొత్తాన్ని తిరగరాయించింది.

ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. కృష్ణా, గోదావరి డెల్టాలో ఒక పట్టణం అనుకోండి. రింగు రోడ్డు పక్కన 8 ఎకరాల మాగాణి. 100 బస్సుల డిపో, వాటిలో 60 డీజిలు, 40 ఎలక్ట్రిక్. కాంక్రీటు యార్డు, గ్యారేజీ, కడిగే ర్యాంపు, సొంత డీజిలు బంకు, ఛార్జింగ్ షెడ్డు, సిబ్బంది రెస్టు రూములు. రెండు పక్కల వరి, ఒక పక్క రోడ్డు, నాలుగో పక్క అరవై గడపల కాలనీ. బస్సులు నిలిపే చివరి వరస నుంచి మొదటి ఇంటికి 50 మీటర్లు.

చట్టం అడిగింది తక్కువే

2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టుబడి ఉన్న నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. డిపోలో కప్పు కింద ఉండేది గ్యారేజీ, ఆఫీసు, షెడ్లు. అన్నీ కలిపినా ఆ అంకె దరిదాపుల్లోకి రావు. నోటిఫికేషన్ మొదట వచ్చినప్పుడు, ఆకాశం కింద ఉండే సదుపాయాలైతే పని జరిగే స్థలం మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఒక చిన్న వివరణ ఉండేది. 8 ఎకరాలంటే 32,000 చదరపు మీటర్ల పైమాటే కాబట్టి, ఆ లెక్కన ఈ డిపో అనుమతి పరిధిలోకి వచ్చేది. 2011 సవరణలో ఆ వివరణ పోయి, కప్పు ఉన్న విస్తీర్ణమే లెక్కగా మిగిలింది. బస్సు డిపో అంటేనే తొంభై శాతం ఆరుబయలు. ఒక్క వాక్యం మారితే ఎన్ని డిపోలు తూకం నుంచి జారిపోయాయో ఆలోచించండి.

మిగిలినవి మామూలు మెట్లే. వాహనాల సర్వీసింగు ఆరెంజ్ కేటగిరీ (ఓ మోస్తరు కాలుష్యం) కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకొకటి, నడపడానికొకటి సమ్మతి. డీజిలు ట్యాంకుకు పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు. చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి. మేం పూర్తి అంచనా చేసింది రుణమిచ్చే సంస్థ అడగబట్టి. అదే లేకపోతే ఈ కేసు ఇరవై పేజీల దరఖాస్తుతో ముగిసేది.

స్థలం: ఆరు కిలోమీటర్ల ఖరీదు

మొదట పరిశీలనలో రెండు స్థలాలున్నాయి. ఒకటి ఊరి నడిబొడ్డున పాత మార్కెట్ యార్డు. దాని గోడ అవతలే ప్రసూతి ఆసుపత్రి. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ రాత్రి పరిమితి 40 డెసిబెల్స్. ఆ మాటతో ఆ స్థలం దాదాపు పోయినట్టే. కానీ రెండో స్థలం ఊరవతల 6 కిలోమీటర్లు. ప్రతి బస్సూ పొద్దున ఖాళీగా బస్టాండుకి రావాలి, రాత్రి ఖాళీగా పోవాలి. ఆర్టీసీ భాషలో ఇవి డెడ్ కిలోమీటర్లు. 60 డీజిలు బస్సులకు రోజుకు 12 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 2,62,800 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్లు వేసుకున్నా 52,560 లీటర్ల డీజిలు ఒక్క ప్రయాణికుడిని కూడా ఎక్కించుకోకుండా కాలిపోతుంది. ప్రతి ఏడూ, డిపో ఉన్నంతకాలం. కార్బన్ డయాక్సైడ్ లెక్కలో సుమారు 141 టన్నులు. ఊరవతల కడితే కాలుష్యం పోతుందనుకునేవాళ్లకు ఈ లెక్క చూపిస్తాను. కొంత పోదు, రోడ్డు మీద పరుచుకుంటుంది.

పల్లపు భూమి సంగతి ఇంకోటి. నగరాల్లో బస్సులకు చోటు వెతికేటప్పుడు చూపు ముందు పోయేది నది ఒడ్డుకే, ఎందుకంటే ఖాళీగా ఉండేది అదే. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో యమున వరద మైదానంలో కట్టిన మిలీనియం డిపో, ఆటలు ముగిశాక కూడా ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2025 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చిన రాత్రి ప్రయాణికులు ఎలా చిక్కుకుపోయారో అందరం టీవీల్లో చూశాం. మా స్థలం నది ఒడ్డు కాదు గానీ, మాగాణి మాగాణే. నీళ్లు ఎక్కడిదాకా నిలిచేవని కాలనీలో అడిగితే ఒక పెద్దాయన విద్యుత్ స్తంభం మీద తన మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూపించాడు. వరద మ్యాపు కన్నా ఆ చెయ్యే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

రాత్రి ఏం జరుగుతుంది

పాత డిపోలో మేం చూసిన క్రమం ఇది. రాత్రి తొమ్మిది దాటాక బస్సులు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. గేటు దగ్గర సెక్యూరిటీ నంబరు రాసుకుంటాడు. బంకు దగ్గర క్యూ. డీజిలు కొట్టించుకున్న బస్సు ర్యాంపు మీదికి పోయి కడిగించుకుంటుంది. ఏదైనా ఫిర్యాదు రాసుంటే పిట్టు (బస్సు కింద పనిచేసే గొయ్యి) మీదికి. అన్నీ అయ్యాక వెనక్కి తోసి వరసలో పెడతారు. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా యార్డు బస్టాండు కన్నా రద్దీగా ఉంటుంది. రెండింటికి సద్దుమణుగుతుంది. మూడున్నరకు మళ్లీ మొదలు. ఫస్టు సర్వీసు నాలుగింటికి.

అంటే శబ్ద నియమాల్లో రాత్రి అని రాసుకున్న పది నుంచి ఆరు దాకా ఉన్న ఎనిమిది గంటలే డిపోకి పని గంటలు. కాలనీకి వర్తించే పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్.

అక్కడ చెవికి ముందు తగిలేది ఇంజను కాదు, రివర్సు హారను. ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉండే హారను, దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతుందనే లెక్కన 50 మీటర్ల దగ్గర 66 ఉంటుంది. చూపుకి అడ్డంగా గట్టి గోడ కడితే ఇంకో పది తగ్గి 56. ఇక్కడే అసలు తిరకాసు. ఒక్కో బస్సు 20 సెకన్లు వెనక్కి నడిస్తే 100 బస్సులకు 2,000 సెకన్లు. ఎనిమిది గంటలంటే 28,800 సెకన్లు. మొత్తం రాత్రికి సగటు కడితే 44 చిల్లర. పరిమితి 45. పాస్!

మా జట్టులో కుర్ర ఇంజనీరు ఆ అంకె వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాడు. గోడ పెట్టాం, పాసైపోయాం. ముసాయిదాలో అలాగే రాశాం కూడా. కానీ మనిషి సగటున నిద్రలేవడు. ఒక్కో కూతకు ఒక్కోసారి లేస్తాడు. పసిపిల్ల ఉన్న ఇంట్లో వంద కూతలంటే ఏమిటో ఆ 44లో ఎక్కడా లేదు.

గ్రామ సచివాలయంలో సంప్రదింపుల సమావేశం పెట్టాం. చట్టప్రకారం బహిరంగ విచారణ కాదు. కుర్చీలు వేసి, మ్యాపు తగిలించి మాట్లాడుకోవడమే. మేం శబ్దం, పొగ, నీళ్లు అని వరసగా చెప్పుకుపోతుంటే వెనకాల కూర్చున్న ఒకావిడ లేచింది. "పగలంటే కూలికి పోతాం బాబూ. ఇంట్లో మేముండేది రాత్రే కదా. మీరేమో పగటి సంగతే చెబుతున్నారు." నా చేతిలో అప్పుడు ఉన్నది పగటి రీడింగుల పట్టికే.

రాత్రి రీడింగులకీ ఒక చిక్కుంది. మొదటిసారి మీటరు పెట్టింది వర్షాకాలంలో. చేలో కప్పలూ కీచురాళ్లూ కలిసి ఖాళీ పొలంలోనే 45ని దాటించేశాయి. ఆ అంకె పట్టుకుని 'ఇక్కడ ఇప్పటికే శబ్దం ఎక్కువ, డిపో వల్ల కొత్తగా వచ్చేది ఏమీ లేదు' అని రాయడం చాలా సులువు. రాసినవాళ్లను చూశాను కూడా. రుణదాత మార్గదర్శకాల్లో, ఉన్న శబ్దానికి 3 డెసిబెల్స్ మించి కలపకూడదనే ప్రత్యామ్నాయ కొలత ఉంటుంది. కప్పల పుణ్యమా అని అది కూడా దాటేయొచ్చు. మేం జనవరిలో మళ్లీ వెళ్లాం. కోతలైపోయి చేలు ఎండిపోయాక ఆ ఊరి రాత్రి అంటే దూరంగా కుక్క మొరిగితే వినపడేంత నిశ్శబ్దం. ప్రాతిపదికగా అదే తీసుకున్నాం.

గోడ ఎత్తు పెంచడం కన్నా, వెనక్కి నడపాల్సిన అవసరమే లేకుండా చేయడం మంచిదని తేల్చుకున్నాం. ఒక పక్క నుంచి వచ్చి ఏటవాలుగా నిలిచి, పొద్దున అదే ముఖాన ముందుకే పోయే వరసలు. మంచి మాటే, కానీ జాగా తింటుంది. కొత్త గీతల్లో 100 బస్సులు పట్టలేదు, 84 పట్టాయి. ఇంజనీరింగ్ విభాగం ప్లాను చుట్టి బల్ల మీద పెట్టేసింది. వంద బస్సుల డిపో అడిగితే ఎనభై నాలుగుకి గీస్తారా అని.

దారి చూపించింది మళ్లీ పాత డిపో వాళ్లే. పల్లెవెలుగు బస్సుల్లో కొన్ని ఎప్పటినుంచో నైట్ హాల్టులు. ఆఖరి ట్రిప్పు చివరి పల్లెలోనే ఆగిపోతుంది, పొద్దున్నే మొదటి ట్రిప్పు అక్కడి నుంచే బయల్దేరుతుంది. కొత్త డిపో డ్యూటీ చార్టులో అలాంటివి 18 వేయొచ్చని తేలింది. వందలో పద్దెనిమిది పోతే 82, గీతలు 84. డీజిలుకి పగలెప్పుడో ఒకసారి డిపోకి రావాల్సిందే కాబట్టి డెడ్ కిలోమీటర్లు మిగిలాయని గొప్ప చెప్పుకోలేం. కానీ ఆ రాకపోకలు రాత్రి నుంచి పగటికి మారాయి, మాకు కావాల్సింది అదే.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది మా రిపోర్టులో పెద్దక్షరాలతోనే రాశాం. నైట్ హాల్టు అంటే డ్రైవరు, కండక్టరు ఆ పల్లెలో పడుకోవాలి. చాలా ఊళ్లలో వాళ్లకు బస్సు సీట్లే మంచాలు, మరుగుదొడ్డి సంగతి అడక్కండి. మహిళా కండక్టర్లకు ఆ డ్యూటీలు వేసే పరిస్థితే లేదు. కాలనీ నిద్ర కాపాడటానికి సిబ్బంది నిద్ర చెడగొట్టడం పరిష్కారం కాదు. అందుకని హాల్టు పడే ప్రతి ఊళ్లో ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డి ఖర్చును డిపో అంచనా వ్యయంలోనే కలిపించాం. పర్యావరణ ప్రణాళికలో మరుగుదొడ్లేమిటని అడిగారు. బస్సు అక్కడ ఆగాలంటే మనిషి అక్కడ ఆగగలగాలి.

తెల్లవారుజామున పొగ

గాలి నాణ్యత ప్రమాణాలు కూడా సగటులే: పీఎం 2.5 (సన్నటి ధూళి కణాలు) అయితే 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. పొద్దున మూడున్నరకు అరవై డీజిలు ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి స్టార్టు చేసి, కదలకుండా ఎందుకు నిలబెడతారో తెలుసా? ఇంజను వేడెక్కడానికి అనుకునేవాణ్ణి. కాదు, బ్రేకులకు గాలి నిండాలి. రాత్రంతా ట్యాంకుల్లోంచి సన్నగా కారిపోయిన గాలి మళ్లీ ఎక్కేదాకా డ్రైవరు బండి తీయడు, తీయకూడదు కూడా. బస్సు పాతదైతే, లీకులుంటే ఇంకాసేపు. ధనుర్మాసంలో మంచు పట్టినప్పుడు కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. పొగ పైకి లేవదు, కాలనీ మీదే పరుచుకుంటుంది. రోజంతటి సగటులో ఈ గంటన్నర కరిగిపోతుంది.

పరిష్కారం మాత్రం చవక. గ్యారేజీలో ఎలాగూ కంప్రెసర్ ఉంటుంది. దాని నుంచి నిలిపే వరసల దాకా గాలి పైపు లాగి, ఇంజను స్టార్టు చేయకుండానే ట్యాంకులు నింపడం. పాత డిపో మెకానిక్కులు నాలుగు బస్సుల మీద చేసి చూపించారు. ఖర్చు పైపులదే.

ఎలక్ట్రిక్ బస్సులకు ఈ గొడవ లేదు. వాటి మీద కొందరు కట్టే ఆశల గురించి మాత్రం ఒక మాట. ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్లు తీసుకుంటే, మన గ్రిడ్ సగటున యూనిట్‌కు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 0.86 కిలోలు. లీటరుకు 5 ఇచ్చే మామూలు డీజిలు పల్లెవెలుగు 0.54. లీటరుకు మూడే ఇచ్చే ఏసీ డీజిలు బస్సుతో పోలిస్తే దాదాపు సమానం. బొగ్గు కరెంటు తగ్గేకొద్దీ ఇది మారుతుంది, బస్సు ఆయుష్షులోనే మారొచ్చు. కానీ ఈ రోజు ఎలక్ట్రిక్ బస్సు వల్ల ఖాయంగా దక్కేది కాలనీలో పొగ లేకపోవడం, ఇంజను మోత లేకపోవడం. దాన్నే లాభంగా రాశాం. ఛార్జర్ల ఫ్యాన్లు, ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమనడం రాత్రంతా ఉంటాయి కాబట్టి ఆ షెడ్డును రోడ్డు పక్కకు జరిపించాం.

నీళ్లు

డెల్టాలో అడుగున్నర తవ్వితే చెమ్మ, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. గ్యారేజీ పిట్టు అంటే మనిషి నిలబడి బస్సు కింద పనిచేసే గొయ్యి. మామూలు డ్రాయింగు తెచ్చి ఇక్కడ కడితే వానాకాలంలో అందులోకి నీళ్లు ఊరతాయి, ఇంజనాయిలు పైన తేలుతుంది, ఆ నీళ్లను మోటారు పెట్టి తోడి కాలువలోకి వదిలేస్తారు. పిల్లకాలువ నీళ్లు పోయేది కింది చేలకు. గ్యారేజీ నేలనే పైకి లేపి, పిట్టు అడుగు పాత నేలమట్టానికి కిందికి పోకుండా గీయించాం. పూడ్చిన డీజిలు ట్యాంకుదీ అదే తంతు. సగం ఖాళీ ట్యాంకును భూమిలో నీళ్లు పైకి తోస్తాయి కాబట్టి కాంక్రీటు దిమ్మకు బిగించాలి. పక్కనే పరిశీలన బోరు ఒకటి.

కడగడానికి బస్సుకు 250 లీటర్లు వేసుకుంటే రోజుకు 25,000 లీటర్లు. మట్టి దిగే తొట్టి, నూనె వేరు చేసే గదులు, వడపోత, మళ్లీ అదే నీళ్లతో కడగడం. బయటికి వదిలే నీళ్లలో నూనె లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు. వాడేసిన ఇంజనాయిలు ప్రమాదకర వ్యర్థం, 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు.

వాన లెక్క మాత్రం మమ్మల్ని భయపెట్టింది. గంటలో 50 మిల్లీమీటర్లు పడితే, 8 ఎకరాల పొలం నుంచి బయటికి పారేది దాదాపు 4.9 లక్షల లీటర్లు; అదే కాంక్రీటైతే 14.6 లక్షలు. తేడా 9.7 లక్షల లీటర్లు, ఒకే గంటలో, ఒక పిల్లకాలువలోకి. చెరువు తవ్వమన్నారు. తవ్వితే అందులో ముందే నీళ్లుంటాయి, ఇక వాన ఎక్కడ పట్టాలి? తవ్వకుండా, పాత నేల మీదే 24 సెంట్ల మడి చుట్టూ మీటరున్నర గట్టు వేసి, మీటరు లోతు నీళ్లు ఆగేలా చేశాం. సన్న తూము ద్వారా నిదానంగా కాలువలోకి.

యార్డును 1.2 మీటర్లు మెరక చేయాలంటే 38,850 ఘనపు మీటర్ల గ్రావెలు. టిప్పరుకు 12 వేసుకుంటే 3,200 ట్రిప్పుల పైన. నిర్మాణ దశ ప్రభావాల కింద దుమ్ము, శబ్దం అని అందరం రాస్తాం. అసలు ప్రభావం ఈ టిప్పర్లు ఏ బడి ముందు నుంచి పోతాయి, ఆ గ్రావెలు ఏ కొండను తింటుంది అన్నది. దారిని బడి ముందు నుంచి మళ్లించగలిగాం. కొండ విషయంలో గనుల శాఖ పర్మిట్ల కాగితాలు అడగడం కన్నా ఎక్కువేమీ చేయలేకపోయాం.

వెలుతురు

గట్టు మీది తాటిచెట్లు మా చెట్ల పట్టికలో 'సాధారణ జాతి' అనే గడిలో పడ్డాయి. ఆ చెట్లు ఎక్కే గీత కార్మికుడు సంప్రదింపులకు రాలేదు, ఎవరూ పిలవలేదు. మోకు భుజాన వేసుకుని గట్టు మీద ఎదురుపడి, "నరికేస్తారా అయ్యా?" అని అడిగాకే ఆ గడి తప్పని తెలిసింది. ప్రహరీని నాలుగు మీటర్లు లోపలికి జరిపి గట్టును బయటే వదిలేశాం.

అదే రోజు పక్క రైతు అడిగింది నా పాతికేళ్ల పనిలో ఏ నమూనా పత్రంలోనూ చూడలేదు. "పెద్ద లైట్లు వేస్తారా? లైటు పడ్డ మేర వరి ఈనదండీ." నిజమే. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పొట్టకొచ్చే రకాలున్నాయి. రాత్రి వెలుతురు పడితే ఆ మొక్కకు రోజులు తగ్గినట్టే తెలియదు. యార్డుకు మూడు హైమాస్ట్ స్తంభాలుంటే మూడింటికీ పొలం వైపు మూతలు పెట్టించి, దీపాలు కిందికే చూసేలా రాయించాం.

డిపో నడవడం మొదలైన ఏడాదికి, నవంబరు చివర్లో తిరిగి వెళ్లాం, ఈసారి తెల్లవారుజామున మూడింటికి. ఏటవాలు వరసలు నడుస్తున్నాయి. పాడైపోయిన రెండు బస్సులు దారిలో ఉండటం వల్ల ఒక వరస మాత్రం మళ్లీ వెనక్కి నడుస్తోంది. గాలి పైపుల్లో సగం వాడుతున్నారు, మిగతా సగానికి కొళాయిలు ఊడిపోయాయి. నూనె వేరు చేసే గదుల్లో మొదటిది బురదతో నిండిపోయింది. ఎవరు తీయాలన్నది రెండు విభాగాల మధ్య తేలలేదట.

వెలుగొచ్చాక గోడ అవతలికి వెళ్లాం. చేనంతా పండి బంగారు రంగులో ఉంది, ఒక్క మూల తప్ప. అక్కడ గోడ నీడ అయిపోయిన చోటు నుంచి విసనకర్ర ఆకారంలో పచ్చటి ముక్క, ఇంకా ఈనలేదు. తలెత్తి చూస్తే మా ప్లానులో లేని నాలుగో స్తంభం. దొంగతనాలు జరుగుతున్నాయని తరవాత వేశారట, మూత లేకుండా. విషయం చెప్పగానే ఎలక్ట్రీషియన్ ఆ దీపాన్ని తిప్పేశాడు. రైతు గొలుసు పట్టి కొలిపించాడు, పదకొండు సెంట్లు తేలింది. ఆ గింజల డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలని ఆఫీసులో అడిగితే, మా నిర్వహణ ప్రణాళిక తెరిచి మేం కూడా వెతికాం. అలాంటి పద్దు మేం రాయలేదు.